పువ్వును సీసాలో నిల్వ ఉంచడానికి ఏది మేలు: ఆల్కహాలా, గ్లిజరినా, లిక్విడ్ పారఫినా?

ముందు తేల్చుకోవాల్సింది, మీకు పువ్వు రంగు కావాలా, లోపలి భాగాలు చెక్కుచెదరకుండా కావాలా అన్నది. ఇంట్లో వాడదగ్గ ద్రవాల్లో రెండూ ఇచ్చేది లేదు.

చాలా పూలలో ఎరుపు, నీలం, ఊదా రంగులిచ్చే ఆంథోసయనిన్లు నీళ్లలోనూ ఆల్కహాల్‌లోనూ కరుగుతాయి, నూనెలో కరగవు (లిక్విడ్ పారఫిన్ కూడా ఒక ఖనిజ నూనే). ఆకుపచ్చనిచ్చే క్లోరోఫిల్, పసుపు, నారింజ రంగులిచ్చే కెరోటినాయిడ్లు ఆల్కహాల్‌లోనూ నూనెలోనూ కరుగుతాయి. ఇది తెలిస్తే ఏ పువ్వును ఎందులో వేయాలో సగం తేలిపోయినట్టే.

చదువుకోవడానికి నమూనా కావాలంటే 70 శాతం ఆల్కహాల్‌ను మించింది లేదు. 95 శాతంది 74 మి.లీ. తీసుకుని, డిస్టిల్డ్ వాటర్‌తో 100 మి.లీ.కి నింపండి. 2 మి.లీ. గ్లిజరిన్ చేరిస్తే రేకులు పెళుసెక్కవు. ఘాటుగా ఉంటే మంచిదని నేరుగా 95 శాతంలో వేస్తే, నీటిని ఒక్కసారిగా లాగేసి కణజాలం ముడుచుకుని గట్టిపడుతుంది. మందారాన్ని వేస్తే ద్రవం ఎర్రబడి రేకులు పాలిపోతాయి. అది పాడైనట్టు కాదు. అండాశయం, కేసరాలు మాత్రం ఏళ్ల తర్వాత తీసి కోసి చూసినా అలాగే ఉంటాయి.

తాజా పువ్వులో ఉండేది ఎక్కువగా నీరే. అది ద్రవాన్ని పల్చన చేస్తుంది. అందుకే పువ్వు పరిమాణానికి కనీసం పదింతలు ద్రవం పోసి, రెండు రోజుల తర్వాత పారబోసి కొత్తది నింపాలి. పువ్వు పైకి తేలుతుంటే గాజు పట్టీకి దారంతో కట్టి దించండి. పేరు, తేదీ పెన్సిల్‌తో రాసిన చీటీని సీసా లోపలే వేయండి. బాల్‌పెన్ సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. పొయ్యి, దీపం దరిదాపుల్లో ఈ పని పెట్టుకోవద్దు.

గ్లిజరిన్ ఆకులకు మేలు, పూలకు అంతంతమాత్రం. ఒక వంతు గ్లిజరిన్‌కు రెండు వంతుల వేడినీళ్లు కలిపి, కాడ చివర చీల్చి అందులో నిలబెడితే, కొన్ని వారాల్లో ఆకు గోధుమరంగుకు తిరిగినా మెత్తగా వంగుతుంది. తాజా పువ్వును చిక్కటి గ్లిజరిన్‌లో ముంచితే మాత్రం అది పువ్వులోని నీటిని లాగుతుంది, రేకులు వడలిపోతాయి. నీరు చేరి పల్చబడిన గ్లిజరిన్‌కు బూజు కూడా పడుతుంది.

షోకేసులో అందంగా కనబడాలంటే లిక్విడ్ పారఫిన్. దీనికి షరతు ఒక్కటే: పువ్వులో తడి బొత్తిగా ఉండకూడదు. తేమను పీల్చే సిలికా జెల్ గుళికల్లో పూడ్చి మూడు నుంచి ఏడు రోజులు ఉంచండి. రేకులు త్వరగానే ఆరతాయి, మోసం చేసేది వాటి కింద ఉండే మందపాటి మొదలు. కాడను వంచితే టప్పున విరగాలి. వంగిందంటే ఇంకా ఆరలేదు. ఆ తడితోనే వేస్తే నూనె మసకబారుతుంది, తర్వాత బూజు వస్తుంది. సీసాను ఏటవాలుగా పట్టి సన్నధారగా పోసి, ఒక రాత్రి మూత పెట్టకుండా వదిలితే బుడగలు పైకొస్తాయి. ఎండకు నూనె వ్యాకోచిస్తుంది, కాబట్టి పైన వేలెడు ఖాళీ వదలండి. రబ్బరు బిరడా నూనెకు ఉబ్బిపోతుంది, ప్లాస్టిక్ మూతే నయం.

శంఖుపుష్పం నీలం నూనెలో బాగా నిలుస్తుంది. బంతి రేకులు నెమ్మదిగా నూనెను పసుపెక్కిస్తాయి. పల్చటి తెల్లపూల సంగతి వేరు: నూనె తడిసిన కాగితంలా రేకులు పారదర్శకమైపోయి, ఈనెలే మిగిలినట్టు కనబడతాయి. కారణం, నూనె రేకుల్లోని గాలిగదులను నింపేయడం. గ్లిజరిన్‌లోనూ ఇదే తంతు. వంటనూనెతో సరిపెట్టాలని చూడకండి, కొన్నాళ్లకు కమురుతుంది. లిక్విడ్ పారఫిన్ పిల్లలు మింగితే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదముంది, సీసా అందనంత ఎత్తులో పెట్టాలి.

ఫార్మాల్డిహైడ్ కరిగిన నీళ్లైన ఫార్మాలిన్ ఇంట్లోకి వద్దే వద్దు. ఫార్మాల్డిహైడ్ క్యాన్సర్ కారకమని తేలిన పదార్థం, దాని ఆవిరే కళ్లనూ గొంతునూ మండిస్తుంది.

ఆకు పచ్చగానే కావాలంటే 100 మి.లీ. నీటిలో 5 గ్రా. మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) కరిగించి, ఆకును ఒకటి రెండు రోజులు నానబెట్టి, కడిగి, ఆ తర్వాత ఆల్కహాల్‌లో వేయండి. క్లోరోఫిల్‌లోని మెగ్నీషియం స్థానంలో రాగి చేరి పచ్చదనం ఎక్కువకాలం నిలుస్తుంది, కాకపోతే కాస్త నీలి ఛాయ కొడుతుంది. మైలుతుత్తం విషం, చేతికి గ్లవ్స్ తప్పనిసరి. గాజు పాత్రే వాడండి, ఇనుము, అల్యూమినియం గిన్నెలకు రాగి పట్టేస్తుంది.