పాత తరహా అడ్వెంచర్ గేమ్ మనమే చేసుకోవాలంటే ఏ టూల్ మంచిది, తెలుగు ఎందులో సరిగ్గా కనపడుతుంది

ముందే చెప్పేస్తున్నా. పాయింట్ అండ్ క్లిక్ గేమ్ (మౌస్‌తో నొక్కుతూ ఆడే కథల ఆట) ఒకటి మొదలుపెట్టి పూర్తి చేయాలి, కోడింగ్ అంతంతమాత్రమే వచ్చు, ఉన్నది పాత ల్యాప్‌టాప్ అంటే అడ్వెంచర్ గేమ్ స్టూడియోని, అందరూ ఏజీఎస్ అనేదాన్ని, మించింది నాకైతే కనపడలేదు. అదే గేమ్‌లో మనుషుల మాటలు తెలుగు లిపిలో స్క్రీన్ మీద కనపడాలి అంటే మాత్రం ఏజీఎస్‌తో పని సగంలో ఆగిపోతుంది, గోడో అనే గేమ్ ఇంజిన్ (ఆటను నడిపించే ప్రోగ్రామ్) మీద నడిచే పోపోచియు వైపు వెళ్లాల్సిందే. రెండూ ఫ్రీ. రెండూ ఈ ఆటల మీద ప్రేమతో అభిమానులు కట్టుకున్నవే.

నేను హన్మకొండలో ఉంటాను. చేస్తున్న గేమ్ ఓరుగల్లు కోటలో జరుగుతుంది. కోట చూడ్డానికి వచ్చిన ఒక అమ్మాయి, తప్పిపోయిన తమ్ముణ్ని వెతుక్కుంటూ కీర్తి తోరణాలు, ఖుష్ మహల్, ఏకశిల గుట్ట తిరుగుతూ కనపడ్డవాళ్లందర్నీ అడగాలి. కథ అంతే. స్నేహితుల పిల్లలతో కూర్చుని చేస్తున్న పని కాబట్టి నాకు కావాల్సినవి మూడే: పైసా ఖర్చు ఉండొద్దు, వాళ్ల ఇళ్లలో ఉన్న మామూలు కంప్యూటర్లో నడవాలి, తయారయ్యాక ఫోన్లో ఆడుకునేట్టు ఉండాలి. ఈ కొలతతోనే రాస్తున్నాను, పెద్ద స్టూడియో పెట్టాలనుకునేవాళ్ల లెక్క వేరు.

ఏజీఎస్ నిన్నమొన్నటిది కాదు. 1997లో క్రిస్ జోన్స్ అనే బ్రిటిష్ ప్రోగ్రామర్, సియెర్రా కంపెనీ ఆటల లాంటివి తనూ చేసుకోవాలని, విండోస్‌కు ముందటి డాస్ మీద మొదలుపెట్టాడు. 2008లో వచ్చిన 3.0తో ఎడిటర్ ఇప్పుడున్న రూపానికి వచ్చింది. 2010, 2011లలో ఎడిటర్, ఇంజిన్ రెండింటి సోర్స్ కోడూ బయటపెట్టేశాడు, అప్పట్నుంచి వాలంటీర్లే నడిపిస్తున్నారు. హాబీ టూల్ కదా అని తక్కువ అంచనా వేయొద్దు. జెమినై రూ (2011), ప్రిమోర్డియా (2012), అనవౌడ్ (2018) లాంటి డబ్బు పెట్టి కొనుక్కునే ఆటలు దీంట్లో చేసినవే. 2024లో వచ్చిన ది క్రిమ్సన్ డైమండ్ అయితే 16 రంగుల్లో, ఆటగాడు కీబోర్డు మీద మాటలు టైప్ చేస్తూ ఆడేట్టు, అచ్చం 1980ల పద్ధతిలో ఉంటుంది. అదీ ఏజీఎస్‌దే.

పని ఎలా సాగుతుందో ఒక్క సీన్ తీసుకుని చెబుతా. కోటలో తోరణం దగ్గరి సీన్. ముందు బొమ్మ వేసి బ్యాక్‌గ్రౌండ్‌గా పెట్టాం (పిల్లలు బ్రౌజర్లోనే పిస్కెల్‌లో వేస్తారు, నేను జింప్ వాడతా). ఇప్పుడు అమ్మాయి ఎక్కడ నడవొచ్చో బొమ్మ మీదే రంగు పూసి చూపించాలి, దాన్ని వాకబుల్ ఏరియా అంటారు. విరిగిపడ్డ శిల్పాలున్న చోట రంగు పూయకపోతే ఆమె వాటిని చుట్టి వెళ్తుంది, ఆ దారి ఇంజినే వెతుక్కుంటుంది. తర్వాత తోరణం స్తంభం. అమ్మాయి దాని వెనక నుంచి వెళ్తే స్తంభం చాటున పడాలి, ముందు నుంచి వెళ్తే స్తంభం మీదుగా కనపడాలి. దీనికి స్తంభం మీద వాక్ బిహైండ్ అనే రంగు పూసి, స్తంభం మొదలు నేలను తాకే చోట ఒక అడ్డగీత పెట్టాలి, అదే బేస్‌లైన్. పాదాలు ఆ గీతకు పైన ఉంటే మనిషి వెనక, కింద ఉంటే ముందు. ఇంతే! బొమ్మను ముక్కలు చేయక్కర్లేదు, ఒక్క లైను కోడ్ రాయక్కర్లేదు. ఎనిమిదో తరగతి పిల్ల ఒకసారి చూసి తర్వాతి సీన్ తనే చేసింది. టూల్ బాగుందనడానికి నాకు ఇంకో రుజువు అక్కర్లేదు.

మనుషుల నడకకు నాలుగు దిక్కులకూ బొమ్మల వరస ఇస్తే చాలు. సంభాషణలకు వేరే ఎడిటర్ ఉంది, ఒకసారి అడిగేసిన ప్రశ్న మళ్లీ రాకుండా ఆపొచ్చు, కావలి తాత ఒక మాట చెప్పాకే ఇంకో ప్రశ్న తెరుచుకునేట్టు పెట్టొచ్చు. స్క్రిప్ట్ సీ భాషను పోలి ఉంటుంది, ఇంజనీరింగ్ ఫస్టియర్ వాళ్లకు కొత్తగా అనిపించదు, మిగతావాళ్లు మాన్యువల్ చూసి పట్టుకోవచ్చు. మాన్యువల్ ఇంగ్లీషులోనే ఉంది కానీ చాలా శ్రద్ధగా రాశారు, ప్రతి ఫంక్షన్‌కూ ఉదాహరణ ఉంటుంది. మొదలుపెట్టేటప్పుడు టెంప్లేట్ అడుగుతుంది: సియెర్రా తరహా ఐకాన్లు కావాలా, కింద తెరువు, చూడు లాంటి తొమ్మిది క్రియలున్న, పాత లూకాస్ ఆర్ట్స్ కంపెనీ ఆటల తరహానా, రెండు మౌస్ బటన్లతో అయిపోయేదా అని. ఫోన్లో ఆడాలంటే ఈ మూడోది తీసుకోండి, వేలితో తొమ్మిది క్రియలు నొక్కడం విసుగు.

లోపాలున్నాయి. ఎడిటర్ విండోస్ మీదే నడుస్తుంది. లైనక్స్ వేసుకున్న ఇంట్లో, విండోస్ ప్రోగ్రాములను లైనక్స్‌లో నడిపే వైన్‌తో తంటాలు పడాలి. తయారైన గేమ్‌కు ఆ ఇబ్బంది లేదు, లైనక్స్, మ్యాక్, ఆండ్రాయిడ్ అన్నింటిమీదా ఆడుతుంది, 3.6 నుంచి బ్రౌజర్‌కూ, ఆండ్రాయిడ్‌కూ ఎడిటర్ నుంచే బిల్డ్ (ఆడటానికి సిద్ధమైన కాపీ) తీయొచ్చు. ఆండ్రాయిడ్ బిల్డ్‌కు మాత్రం ఎస్‌డీకేలనే ఆండ్రాయిడ్ టూల్సూ అవీ వేసుకోవాలి, చిన్న హార్డ్‌డిస్క్ ఉన్నవాళ్లకు అది భారం. ఆ గొడవ వద్దనుకుంటే ఫోన్లో స్కమ్‌వీఎం యాప్ వేసుకుని గేమ్ ఫోల్డర్ చూపించండి. 2001లో పాత లూకాస్ ఆర్ట్స్ ఆటల కోసం మొదలైన ప్రాజెక్టు అది, 2021లో వచ్చిన 2.5 వెర్షన్ నుంచి ఏజీఎస్ ఆటలు కూడా ఆడిస్తోంది. మా పిల్లలు అలాగే ఆడుతున్నారు.

ఇక అసలు బాధ. ఇంత మంచి టూల్‌లో తెలుగు పెడితే ఏమవుతుందో చూడండి. మా ఆటలో అమ్మాయి అడుగుతుంది, "తాతా, మా తమ్ముణ్ని చూసినవా?" తాత అంటాడు, "ఎర్ర అంగీ పిలగాడా? గటు ఖుష్ మహల్ దిక్కు పోయిండు బిడ్డా." ఈ మాటల్లో తమ్ముణ్ని అన్న ఒక్కటి చాలు. మ కింద మ వత్తు రావాల్సింది పోయి, మ తర్వాత పొల్లు, పక్కన ఇంకో మ, ఆ తర్వాత విడిగా కొమ్ము. ణ్ని సంగతీ అంతే. చదవడం పిల్లల వల్ల కాదు, పెద్దల వల్లా కాదు.

కారణం ఫాంటు కాదు, కాబట్టి ఫాంట్లు మార్చి టైమ్ పాడు చేసుకోవద్దు. యూనికోడ్‌లో మ్ము అనేది మ, పొల్లు, మ, కొమ్ము అని నాలుగు వేర్వేరు సంకేతాలుగా ఉంటుంది, వాటిని కలిపి ఒక అక్షరంగా అమర్చే పని హార్ఫ్‌బజ్ లాంటి ప్రోగ్రామ్ చేయాలి. మన ఫోన్లో, బ్రౌజర్లో ఆ పని తెర వెనక జరిగిపోతూ ఉంటుంది కాబట్టి మనకు తెలియదు. ఏజీఎస్ 3.6లో యూటీఎఫ్-8 వచ్చింది, అంటే తెలుగు సంకేతాలను గుర్తుపడుతుంది, కానీ ఒక్కోదాన్ని వరసగా పక్కపక్కన వేసుకుంటూ పోతుంది. ఇంగ్లీషు, రష్యన్ లాంటి లిపులకు అది సరిపోతుంది, మనకు సరిపోదు. తమిళం, కన్నడం, హిందీ రాసేవాళ్లకూ ఇదే తిప్పలు.

దీనికి అడ్డదారి ఒకటుంది. ప్రతి మాటనూ బొమ్మగా చేసి, స్ప్రైట్‌గా (ఆటలో వాడే బొమ్మగా) తెచ్చుకుని, ఓవర్లేగా, అంటే సీన్ పైన, చూపించడం. చూడ్డానికి అందంగానే ఉంటుంది, పాత సినిమా టైటిళ్ల లాంటి చేతిరాత కూడా పెట్టుకోవచ్చు. కానీ ఒక్క మాట మార్చాలంటే మళ్లీ బొమ్మ వేయాలి. నాలుగు సీన్ల చిన్న ఆటకు పర్వాలేదు, జనంతో మాట్లాడటమే ఆట అయిన మా కథకు కుదరదు. డీటీపీ సెంటర్లలో వాడే అను లాంటి పాత ఫాంట్లు ఇంకో దారి అని కొందరంటారు, వాటిలో వత్తులు, గుణింతాల ముక్కలు దేనికది విడి సంకేతంగా ఉంటాయి కాబట్టి. కానీ అప్పుడు స్క్రిప్ట్‌లో మీరు రాసిన తెలుగు మీకే అర్థంకాని గీతల్లా కనపడుతుంది, తప్పొప్పులు దిద్దలేరు, పైగా ఫాంటును ఆటతో పాటు పంచొచ్చో లేదో లైసెన్సు చూసుకోవాలి. నేను అటు వెళ్లమని చెప్పను.

ఇంకా పాతకాలపు రుచి కావాలనుకునేవాళ్లకు ఏజీఐ టూల్స్ ఉన్నాయి. 1984లో కింగ్స్ క్వెస్ట్‌కు సియెర్రా వాడిన ఇంజిన్ ఏజీఐ. అభిమానులు ఆ ఫైళ్లను విప్పి లోపల ఏముందో కనిపెట్టి ఎడిటర్లు చేశారు, పీటర్ కెల్లీ చేసిన ఏజీఐ స్టూడియో వాటిలో బాగా తెలిసింది. తర్వాతి తరం ఇంజిన్ ఎస్‌సీఐకి బ్రయాన్ ప్రొవిన్సియానో ఎస్‌సీఐ స్టూడియో చేశాడు, ఆ తర్వాత ఫిల్ ఫోర్టియర్ చేసిన ఎస్‌సీఐ కంపానియన్ వచ్చింది. ఏజీఐలో అడ్డంగా 160 చుక్కలు, 16 రంగులు, అంతే. బొమ్మ కూడా గీతలు, రంగు నింపడం అనే ఆదేశాల వరసగానే దాచిపెడతారు. కష్టం, కానీ ఆ ఇరుకులో బొమ్మ వేయడం నేర్చుకున్నవాడు ఇంకెక్కడైనా వేయగలడు.

ఏజీఐలో నాకు బాగా నచ్చింది దాని పార్సర్. ఆటగాడు టైప్ చేసిన మాటలను అది గ్రూపుల వరసగా పోల్చుకుంటుంది తప్ప ఇంగ్లీషు వ్యాకరణం దానికి పట్టదు. అంటే వాట్సాప్‌లో రాసినట్టు ఇంగ్లీషు అక్షరాల్లో "తలుపు తెరువు" అని టైప్ చేసేలా పెట్టొచ్చు, కర్మ ముందు, క్రియ వెనక, మనం మాట్లాడే వరసలోనే. తెరువు, తెర్వు, తియ్యి మూడింటినీ ఒకే గ్రూపు నంబరు కింద పడేస్తే ఏది రాసినా తలుపు తెరుచుకుంటుంది. ఆ, ఈ లాంటివి సున్నా గ్రూపులో వేస్తే వాటిని వదిలేసి చదువుకుంటుంది. వరంగల్ పిల్లగాడు తన యాసలో టైప్ చేస్తే అర్థం చేసుకునే ఆట 1984 నాటి ఇంజిన్ మీద అయ్యే పని! తెలుగు లిపి మాత్రం ఇందులో ఊహించుకోవద్దు. ఆడటానికి సియెర్రా ఒరిజినల్ ఇంటర్‌ప్రెటర్ (ఆటను నడిపే ప్రోగ్రామ్) కోసం వెతకొద్దు, అది కాపీరైట్ ఉన్న సరుకు, స్కమ్‌వీఎం సరిపోతుంది.

ఇప్పుడు పోపోచియు. ఏజీఎస్‌నూ, యూనిటీ అనే ఇంకో ఇంజిన్ మీద నడిచే పవర్‌క్వెస్ట్‌నూ చూసి ఆ పద్ధతిని గోడోలోకి తెచ్చిన ప్లగిన్ ఇది. (పవర్‌క్వెస్ట్ మంచిదే, 2025లో వచ్చిన ది డ్రిఫ్టర్ దాంట్లో చేసిందే, కానీ మా పాత ల్యాప్‌టాప్‌ల మీద యూనిటీ కదలదు.) గోడో 4, అంటే 2023 మార్చిలో వచ్చిన వెర్షన్ నుంచి, హార్ఫ్‌బజ్ లోపలే ఉంది. తమ్ముణ్ని అని రాస్తే తమ్ముణ్ని అనే కనపడుతుంది. క్ష్మి, స్త్ర్య లాంటివి కూడా వేసి చూశా, ఫాంటు సరైనదైతే అన్నీ కుదురుగా వచ్చాయి. స్క్రిప్ట్‌లో నేరుగా తెలుగులో రాసుకుంటూ పోవచ్చు, పిల్లలు వాళ్ల మాటలు వాళ్లే రాస్తున్నారు, నేను దిద్దుతున్నా. గోడో 3 మీద నడిచే పాత పోపోచియు మాత్రం తీసుకోకండి, అందులో ఈ సదుపాయం లేదు.

సులువులో ఏజీఎస్‌తో సాటిరాదు. తోరణం స్తంభాన్ని ఇక్కడ బ్యాక్‌గ్రౌండ్ నుంచి కత్తిరించి విడి బొమ్మగా, ప్రాప్‌గా పెట్టి దానికి బేస్‌లైన్ ఇవ్వాలి. నడిచే చోటు రంగు పూయడం కాదు, మూలలు పెట్టుకుంటూ గీయాలి. గోడో ఎడిటర్ మొదటిసారి తెరిచినవాళ్లకు ఆ కిటికీలన్నీ చూస్తేనే టెన్షన్ వస్తుంది. అందుకే మా దగ్గర కొత్తగా వచ్చిన పిల్లలకు ముందు ఏజీఎస్‌లో మాటల్లేని ఒక గది చేయిస్తా, పద్ధతి పట్టుబడ్డాక పోపోచియులోకి తెస్తా. బొమ్మలు ఎక్కడైనా అవే పనికొస్తాయి. గోడో కొత్త వెర్షన్ వచ్చింది కదా అని ప్రాజెక్టు మధ్యలో మార్చకండి, మీరు తీసుకున్న పోపోచియు ఏ వెర్షన్‌కు అని రాసి ఉందో దాని మీదే పూర్తి చేయండి.

బొమ్మలే వద్దు, కథ చాలు అనుకుంటే ట్వైన్ వాడండి. అది తయారుచేసేది వెబ్ పేజీ కాబట్టి తెలుగును బ్రౌజరే చూసుకుంటుంది, కోడింగ్ దాదాపు ఉండదు.

చివరగా ఫాంటు, సైజు. 320 అడ్డం, 180 నిలువు ఉండే స్క్రీన్‌లో ఇంగ్లీషు అక్షరం ఎనిమిది చుక్కల ఎత్తులో ఇమిడిపోతుంది. మనకు పైన గుడి, కింద వత్తు ఉంటాయి, ఆ ఎత్తులో క్రు ఏదో, క్కు ఏదో తేలదు. గోడో ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో స్ట్రెచ్ మోడ్‌ను వ్యూపోర్ట్ నుంచి కాన్వాస్ ఐటమ్స్‌కు మార్చండి, బొమ్మలు పాత ఆటలా చుక్కలు చుక్కలుగానే ఉంటాయి, అక్షరాలు మాత్రం స్క్రీన్ అసలు రిజల్యూషన్లో నున్నగా వస్తాయి. ఫాంట్లకు గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర, ఎన్టీఆర్, సురన్న ఉన్నాయి, అన్నీ ఓపెన్ లైసెన్స్, ఆటతో పాటు పంచొచ్చు. మాటలకు మేం మండలి పెట్టాం, చిన్న ఫోన్ మీద కూడా వత్తులు తేటగా కనపడుతున్నాయి. రామభద్ర లావు కాబట్టి టైటిల్‌కు ఉంచాం.