పెట్రోలా, కరెంటా: బావాబామ్మర్దుల కారు లెక్క

మా బామ్మర్ది రోజూ అనంతపురం నుంచి తాడిపత్రికి పోయి వస్తాడు. రానూపోనూ 110 కిలోమీటర్లు. "బావా, కరెంటు కారా, పెట్రోలు కారా?" అని అడిగితే కాగితం తీసి లెక్క వేశాను. నెలకు పాతిక రోజులంటే 2,750 కిలోమీటర్లు. లీటరుకు 15 ఇచ్చే పెట్రోలు కారైతే, లీటరు 110 రూపాయల చొప్పున 20 వేలు. కరెంటు కారు యూనిట్‌కు ఆరు కిలోమీటర్లే ఇచ్చినా, యూనిట్ పది రూపాయలు వేసుకున్నా 4,600 దాటదు. కారుకు మూడు లక్షలు ఎక్కువ పెట్టినా రెండేళ్లలోపే రాబట్టుకోవచ్చు. వాడికి సొంతిల్లు ఉంది, రాత్రి ప్లగ్ పెట్టి పడుకుంటే తెల్లారేసరికి బండి రెడీ.

నాకు ఈ లెక్క కుదరదు. అద్దె ఇల్లు, మూడో అంతస్తు. కింద 15 ఆంపియర్ల సాకెట్ పెట్టుకుంటానంటే ఓనరు మొహం మాడ్చుకున్నాడు. పైగా నెలకు రెండుసార్లు బెంగళూరు, ఒకవైపే 210 కిలోమీటర్లు. ఒక్క ఫుల్ ఛార్జింగ్‌కు 450 కిలోమీటర్లని కంపెనీ చెప్పే కరెంటు బండి మే నెల ఎండలో, ఏసీ వేసి, హైవే మీద వందలో తోలితే 300 ఇస్తే గొప్ప. పోవడం హాయిగా పోతాం. తిరిగి రావాలంటే ఎక్కడో ఒకచోట ఛార్జింగ్ పెట్టాలి, మన ముందు ఇంకో రెండు కార్లుంటే టెన్షన్. నాకు పెట్రోలే మేలు.

ఏది కొన్నా, రిజిస్ట్రేషన్ కాకముందే, షోరూమ్ వాళ్లు కొత్త బండ్లు నిలిపి ఉంచే యార్డుకు పోయి చూడండి. మన పేరున నంబరు పడ్డాక బండి మార్చి ఇమ్మంటే ఎవరూ వినరు. పోయినసారి నేను సాయంత్రం ఏడింటికి, ట్యూబ్‌లైట్ల కింద చూసి సంతకం పెట్టాను. మరుసటి రోజు ఎండలో చూస్తే ఎడమ డోరు రంగు వేరే! "పాలిష్ కొడితే పోతుందన్నా" అన్నారు. పోలేదు. అందుకే పొద్దున్నే, దుమ్ము కడిగించి చూడాలి.

ఛాసిస్ నంబరు 17 అక్షరాలూ కాగితాలతో సరిపోవాలి. టైరు మీద 1825 అని ఉంటే 2025లో 18వ వారం తయారైందని అర్థం. కియా వాళ్లలా ఫ్యాక్టరీ మన పెనుకొండలోనే ఉన్నా, బండి యార్డులో ఎన్నాళ్లు ఎండిందన్నది వేరే సంగతి. పెట్రోలు కారుకు బానెట్ ఎత్తి, ఎలుకలు వైర్లు కొరికాయేమో చూడండి. ఆయిల్ కారిన మరకలు కూడా.

కరెంటు కారుకు అందరూ మరిచిపోయేది ఒకటుంది: అక్కడే ఛార్జింగ్ పెట్టి చూడటం. బండితో వచ్చే కేబుల్‌తోనే పెట్టించాలి, షోరూమ్ వాళ్లదానితో కాదు. కింద బ్యాటరీ పెట్టెకు గీతలు, సొట్టలు ఉన్నాయేమో ఫోన్ లైటుతో చూడాలి. ఎక్కువ రోజులు కదలకుండా నిలబడితే చిన్న 12 వోల్టుల బ్యాటరీ దిగిపోయి కారు తలుపే తెరుచుకోకపోవచ్చు, దాన్నీ అడగండి. పెద్ద బ్యాటరీకి వారంటీ చాలా కంపెనీలు 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు ఇస్తాయి, ఏ తేదీ నుంచి మొదలో కాగితం మీద రాయించుకోవాలి.

ఇదంతా విని బామ్మర్ది షోరూమ్‌కు ఫోన్ చేస్తాడనుకున్నా. ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిచాడు. ఇంటికి ఎర్తింగే లేదట.