మాంట్‌గోమరీ వెళ్లేవాళ్లకు: ఏది చూడాలి, ఎక్కడ దిగాలి

అమెరికాలో నల్లవాళ్ల బానిసత్వం, వాళ్లమీద జరిగిన మూకహత్యల చరిత్ర చూపించే మ్యూజియం, స్మారకం అలబామా రాష్ట్రంలోని మాంట్‌గోమరీలో ఉన్నాయి. అట్లాంటా నుంచి అక్కడికి కారులో రెండున్నర గంటలు. అక్కడి టైము మనకంటే గంట వెనక కాబట్టి పొద్దున్నే బయల్దేరితే తలుపులు తీసే వేళకే చేరిపోవచ్చు. సోమ, మంగళవారాలు మాత్రం సెలవు. ఐదు డాలర్ల టికెట్టు మీదే లెగసీ మ్యూజియం, మూకహత్యల స్మారకం, నది పక్కన శిల్పాల పార్కు మూడూ చూడొచ్చు, మధ్యలో తిప్పే బస్సు ఉచితం.

మ్యూజియానికి సగం రోజు ఉంచుకోండి. పత్తి గోదాము ఉన్న చోటే దాన్ని పెట్టారు. లోపల నేను ఎక్కువసేపు నిలబడిపోయింది మట్టి సీసాల దగ్గర. తెల్ల మూకలు నల్లవాళ్లని చంపిన చోట్ల నుంచి తవ్వి తెచ్చిన మట్టి అది, సీసా మీద పేరు, ఊరు, తేదీ. ఒకదాంట్లో నల్లరేగడి లాంటి మట్టి, పక్కదాంట్లో ఎర్రమట్టి.

అమెరికాలో బానిసత్వం 1865లో రద్దయింది, సరే. కానీ నిన్నటిదాకా తమ కింద పనిచేసినవాళ్లు ఓటేయడం, సొంతంగా పొలం కొనుక్కోవడం చాలామంది తెల్లవాళ్లకు మింగుడుపడలేదు, 1877లో దక్షిణాదిలో కాపలా ఉన్న ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) సైన్యాన్ని వెనక్కి తీసుకున్నాక ఇక అడిగే నాథుడే లేడు. అప్పటినుంచి 1950 దాకా మూకహత్యలకు బలైన 4,400 మందికి పైగా నల్లవాళ్ల కోసం కట్టిందే ఆ స్మారకం. కౌంటీకి (మన జిల్లా లాంటిది) ఒకటి చొప్పున 800కి పైగా తుప్పురంగు ఉక్కు దిమ్మెలు, మొదట మన ఎత్తులోనే ఉంటాయి, నడిచేకొద్దీ నేల కిందికి దిగుతూ చివరికి అవి తలమీద వేలాడతాయి. గోడ మీద కారణాలు రాశారు. 1940లో లువర్న్‌లో జెస్సీ థార్న్‌టన్‌ని తెల్ల పోలీసును ‘మిస్టర్’ అనకుండా పిలిచాడని చంపారు. 1933లో బర్మింగ్‌హామ్‌లో ఎలిజబెత్ లారెన్స్‌ని తనమీద రాళ్లేసిన తెల్ల పిల్లల్ని మందలించిందని చంపారు.

రిటైరైన హెడ్‌కానిస్టేబుల్ మా మామగారు అది చదివించుకుని, "మరి కేసు కట్టలేదా?" అన్నారు. చాలా హత్యల్లో ఒక్కడికీ శిక్ష పడలేదని చెబితే కాసేపు అక్కడే బెంచీ మీద కూర్చుండిపోయారు. పదేళ్లలోపు పిల్లలుంటే మ్యూజియం వద్దు, స్మారకం వరకు పర్వాలేదు.

బస ఊరి మధ్యలోనే చూసుకోండి. మేం చవకని హైవే పక్కన దిగాం, గదంతా ముక్కిన వాసన, మార్చమంటే మార్చలేదు. శాకాహారులు ఆకుకూర కదా అని తినేయకండి, అక్కడ దాంట్లో పంది మాంసం వేసి ఉడికించడం మామూలే, అడగండి. టైము మిగిలితే మార్టిన్ లూథర్ కింగ్ పాస్టర్‌గా పనిచేసిన డెక్స్‌టర్ అవెన్యూ చర్చి చూడండి, లోపలికి వెళ్లాలంటే ముందే బుక్ చేసుకోవడం మంచిది.