జినోబిలీలా అన్నీ నేర్వాలా, రే అలెన్‌లా షాట్ ఒక్కటే పట్టాలా?

తిరుపతిలో మా పిల్లలు బాస్కెట్‌బాల్ ఆడే గ్రౌండులో సాయంత్రం అయిదింటికి కూడా సిమెంటు బూట్లలోంచి కాలుతుంది. గార్డుగా (బంతి నడిపి, దూరం నుంచి షాట్ వేసే స్థానంలో) ఆడే పిల్లల నాన్నలు అక్కడ నన్ను అడిగేది ఇదే.

మను జినోబిలీ 1999 డ్రాఫ్టులో, అంటే అమెరికా లీగ్ ఎన్‌బీఏ జట్లు కొత్త ఆటగాళ్లను వరసగా ఎంచుకునేప్పుడు, 57వ వాడు. ఎడమచేతి షాట్, పాస్, డిఫెన్స్, డిఫెండర్‌ని అటూ ఇటూ ఊరించే యూరో స్టెప్, అన్నీ వచ్చు. శాన్ ఆంటోనియో జట్టుతో 4 టైటిళ్లు, 2004 ఏథెన్స్‌లో అర్జెంటీనాకు స్వర్ణం. అంతటివాడు ఏళ్ల తరబడి బెంచీ మీంచే వచ్చాడు. మావాణ్ణి మొదటి అయిదుగురిలో దించకపోతే ఆ రాత్రి అన్నం ముట్టడు!

రే అలెన్ అంటే త్రీ పాయింటరే (దూరపు గీత బయటినుంచి వేసే మూడు పాయింట్ల షాట్): లీగ్ మ్యాచుల్లో 2,973. 2013 ఫైనల్స్ ఆరో మ్యాచ్‌లో 5.2 సెకన్లుండగా మూలనుంచి వేసి తన జట్టు మయామీని బతికించాడు. (కుర్రప్పుడు డంక్ పోటీకీ, అంటే ఎగిరి బంతిని రింగులోకి గుచ్చే పోటీకీ దిగాడు లెండి.)

ఖర్చు: షాట్‌కి బంతి, రింగు చాలు. అన్నీ నేర్వాలంటే ఎదురు ఆడే జట్టు, కోచ్ కావాలి.

శ్రమ: షూటర్‌ది విసుగు. 6.75 మీటర్ల గీత దగ్గర అదే షాట్, అదే చెయ్యి, రోజూ.

రిస్క్: చెయ్యి కలిసిరాని రోజు షూటర్ ఖాళీ. జినోబిలీలా దూసుకెళ్లేవాడికి మోకాలు సిమెంటు పాలు.

తోడు దొరక్క ఒంటరిగా ఆడేవాడికి అలెన్ దారి. రోజూ పదిమంది పోగయ్యే చోట, బెంచీ మీద అలగని పిల్లాడైతే జినోబిలీదే.