తల్లిదండ్రుల చేతికిచ్చే సైన్సు పుస్తకం: ఇంటి బడిలో రెండున్నరేళ్ల అనుభవం

టెక్సస్‌లో పిల్లలను ఇంట్లోనే చదివించుకునేవారికి నిబంధనలు చాలా తక్కువ. లీపర్ కేసులో 1994లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం ఇంటి బడి కూడా ఒక ప్రైవేటు పాఠశాల కిందే లెక్క. చదవడం, వర్ణక్రమం, వ్యాకరణం, గణితం, పౌరధర్మం అనే అయిదు విషయాలు మాత్రం తప్పనిసరిగా చెప్పాలి. ఆ అయిదింటిలో సైన్సు లేదు. అందువల్ల సైన్సు చెప్పాలా వద్దా, చెబితే ఏ వయసు నుంచి, ఏ పుస్తకంతో చెప్పాలన్నది పూర్తిగా ఇంటివాళ్ల బాధ్యత. మా అబ్బాయికి అయిదేళ్లు నిండినప్పటి నుంచి ఇప్పుడు ఏడున్నర వచ్చేవరకు నేను వాడుతున్న బెర్నార్డ్ నెబెల్ సైన్సు పాఠ్యప్రణాళిక గురించి, దానికంటే ముందు చేసిన ఒక పొరపాటుతో సహా, ఇక్కడ రాస్తున్నాను.

ఆ పొరపాటు ఏమిటంటే, మొదటి ఏడాది నెలనెలా ఇంటికి పెట్టె పంపించే ఒక కంపెనీకి చందా కట్టడం. పెట్టెలో రంగురంగుల కార్డులు, ప్లాస్టిక్ సీసాలు, కొలిచి పొట్లం కట్టిన పొడులు, ముందుగా కత్తిరించిన అట్టముక్కలు అన్నీ ఉండేవి. ఒక నెల అగ్నిపర్వతం, మరో నెల గ్రహాల నమూనా, ఆ తరువాత అయస్కాంతాలు వచ్చాయి. వంటసోడా మీద వెనిగర్ పోసి నురగ పొంగించిన రోజున మావాడు గంతులు వేశాడు. నాలుగు రోజుల తరువాత ఆ నురగలో ఏముందని అడిగితే, "ఎర్ర రంగు" అన్నాడు. బుడగల్లో ఉన్నది వాయువని వాడికి తెలియదు, ఎందుకంటే గాలి కూడా ఒక పదార్థమేనన్న మాట అప్పటికి మేము ఎన్నడూ మాట్లాడుకోలేదు. ఏ పెట్టెకూ దాని ముందు పెట్టెతో సంబంధం లేదు. ఆరో పెట్టె తరువాత చందా ఆపేశాను.

తరువాత తెప్పించుకున్నది బెర్నార్డ్ నెబెల్ రాసిన "బిల్డింగ్ ఫౌండేషన్స్ ఆఫ్ సైంటిఫిక్ అండర్‌స్టాండింగ్". కిండర్‌గార్టెన్ నుంచి రెండో తరగతి వరకు ఉద్దేశించిన ఈ మొదటి సంపుటం 2007లో వెలువడింది. మూడు నుంచి అయిదు, ఆరు నుంచి ఎనిమిది తరగతులకు మరో రెండు సంపుటాలున్నాయి. నెబెల్ మేరీల్యాండ్‌లోని ఒక కమ్యూనిటీ కాలేజీలో చాలాకాలం జీవశాస్త్రం బోధించినవారు. పుస్తకంలోని పాఠాలన్నీ నాలుగు పాయలుగా సాగుతాయి: ఎ పాయలో పదార్థ స్వభావం, బి పాయలో జీవరాశి, సి పాయలో శక్తి, చలనం, డి పాయలో భూమి, ఆకాశం. ఏ పాఠం తరువాత ఏది చెప్పవచ్చో చూపించే పటం ఒకటి మొదట్లోనే ఉంటుంది. ఒక పాయనే పట్టుకుని చివరిదాకా పోకుండా నాలుగింటినీ కలుపుకుంటూ ముందుకు సాగాలి, అయితే పునాదిగా ఉండవలసిన పాఠాన్ని మాత్రం దాటవేయకూడదు. నా దృష్టిలో ఈ పుస్తకం విలువంతా ఆ వరుసలోనే ఉంది.

ఆ వరుస ఎంత పనిచేస్తుందో నాకు డి పాయలో తెలిసింది. పగలు, రాత్రి పాఠం అందులో రెండోది. దానికి ముందున్నది గురుత్వాకర్షణ. చిన్నపిల్లలకు గురుత్వాకర్షణ ముందా అని మొదట నాకూ సందేహం కలిగింది. ఆ పాఠంలో పెద్ద మాటలేవీ లేవు. దారానికి బరువు కట్టి వేలాడదీయడం, అది ఎప్పుడూ నేలవైపే నిలవడం గమనించడం, గోడ నిలువుగా, బల్ల అడ్డంగా ఉందో లేదో చూడటం, ఇంతే. మా నాన్నగారు ఇంటి పని జరుగుతున్నప్పుడు మేస్త్రీ చేతిలో ఉండే రసమట్టం గురించి ఫోన్‌లో చెబితే, మావాడు సగం నీళ్లు నింపిన సీసాను పడుకోబెట్టి తానే ఒకటి తయారుచేసుకున్నాడు. చివరికి గ్లోబును చూస్తూ, కింద అంటే భూమి మధ్యభాగం వైపు అని వాడి చేతనే చెప్పించాను.

రెండు వారాల తరువాత పగలు, రాత్రి పాఠం మొదలుపెట్టాము. వేసవిలో మేము ఇక్కడ ఉదయం తొమ్మిదింటికి ఫోన్ చేస్తే తెనాలిలో రాత్రి ఏడున్నర. వీడియోలో అమ్మమ్మ వెనుక కిటికీ చీకటిగా ఉంటే, మా కిటికీలోంచి ఎండ మొహం మీద పడుతుంది. గది తలుపులు వేసి, దీపం ఎదుట గ్లోబు పెట్టి, డాలస్ దగ్గర ఒక మట్టి బొమ్మను, తెనాలి దగ్గర ఒక మట్టి బొమ్మను అతికించాము. ఈ రెండు ఊళ్ల రేఖాంశాల మధ్య తేడా దాదాపు 177 డిగ్రీలు, అంటే సూర్యుడి లెక్కన పన్నెండు గంటలకు కాస్త తక్కువ. ఒక బొమ్మ మీద వెలుగు పడితే రెండోది నీడలోకి పోతుంది. అయిదేళ్ల మా అమ్మాయి గ్లోబు కిందికి వంగి చూసి, "అమ్మా, అమ్మమ్మ తలకిందులుగా ఉంది, పడిపోదా?" అని కంగారుపడింది. నేను నోరు తెరవకముందే మావాడు, "ఎటు పడుతుంది? అమ్మమ్మకి కింద అంటే కూడా ఇటే కదా" అని వేలితో గ్లోబు నడిమి వైపు చూపించాడు. మునుపటి పెట్టెలో వచ్చిన గ్రహాల నమూనా ఇప్పటికీ అటక మీద ఉంది. దానితో ఆడుకున్న రోజుల్లో ఈ ప్రశ్న పుట్టలేదు, పుట్టినా జవాబు చెప్పే ఆధారం వాళ్ల దగ్గర లేదు.

ఈ పుస్తకంలో పిల్లలు చదవవలసిన పేజీలు లేవు. అభ్యాస పుస్తకం లేదు, బొమ్మలు చాలా తక్కువ. ప్రతి పాఠమూ తల్లిదండ్రులతో మాట్లాడుతుంది: దీనికి ముందు పిల్లలకు ఏం తెలిసి ఉండాలి, ఏ సందర్భంలో ఈ మాట ఎత్తితే బాగుంటుంది, ఏ ప్రశ్నలు అడగాలి, తరువాత ఏ పాఠానికి దారితీయాలి అన్న తీరులో సాగుతుంది. చాలామంది దీన్ని లోపమంటారు. తెలుగు ఇళ్లకు మాత్రం ఇదే గొప్ప వెసులుబాటని నేను నమ్ముతున్నాను. పిల్లలకూ నాకూ మధ్య ఇంగ్లీషు పేజీ లేదు కాబట్టి, రాత్రి నేను ఇంగ్లీషులో చదువుకున్నది పొద్దున తెలుగులో చెప్పగలుగుతున్నాను.

అలా చెప్పేటప్పుడు మాటల ఎంపికలో జాగ్రత్త అవసరం. పదార్థం చిన్న చిన్న ముక్కలతో ఏర్పడిందని చెప్పే పాఠంలో నేను మొదట "కణం" అన్నాను. బి పాయలో జీవుల దగ్గరికి వచ్చినప్పుడు అదే మాట జీవకణానికి కావాలి. రెండూ ఒకటేనని పిల్లలు పొరబడే ప్రమాదం ఉందని గ్రహించి, పదార్థం విషయంలో "రేణువు" అనే మాటకు మారాను. అలాగే "బలం", "శక్తి" అనే మాటలు ఇంట్లో ఒకదానికి బదులు ఒకటి వాడుతుంటాము. సి పాయ మొదలుపెట్టే ముందే వాటిని వేరుచేసుకోవాలి. ఇడ్లీ పాత్ర నుంచి వచ్చేదాన్ని మా ఇంట్లో పిల్లలు "పొగ" అనేవారు. మూత తిప్పి దాని లోపలి చుక్కలు చూపించిన తరువాత "ఆవిరి" అన్న మాట వాళ్ల నోట స్థిరపడింది.

రేణువుల పాఠంలో మా ఇంటికే ప్రత్యేకమైన పరీక్ష ఒకటి చేశాము. హారతి కర్పూరం హరించుకుపోకుండా డబ్బాలో నాలుగు మిరియాలు వేయడం మా అమ్మ అలవాటు. అది నిజమా అని మావాడు అడిగాడు. పది బిళ్ళలు తెరిచిన మూతలో, పది బిళ్ళలు మిరియాలతో కలిపి మరో తెరిచిన మూతలో, పది బిళ్ళలు మిరియాలు లేకుండా గట్టిగా బిగించిన సీసాలో పెట్టి, గ్రాములో పదో వంతు చూపించే చిన్న త్రాసుతో వారానికొకసారి, మిరియాలు పక్కకు తీసి, తూచాము. మూడు వారాల్లో తెరిచిపెట్టిన రెండూ ఇంచుమించు ఒకేలా తగ్గాయి; బిగించిన సీసాలోది తగ్గలేదనే చెప్పాలి. "కాపాడింది మూత" అని వాడు నోటు పుస్తకంలో రాసుకున్నాడు. ఒక్కసారి చేసిన పరీక్షతో అమ్మ అలవాటు తప్పని నేను తేల్చిచెప్పను; కానీ ద్రవంగా మారకుండానే ఘనపదార్థం గాలిలో కలిసిపోవడాన్ని, మన పుస్తకాలు ఉత్పతనం అనేదాన్ని, ఇంతకంటే తేలికగా చూపించే మార్గం నాకు తెలియదు. కర్పూరం నోట్లో పడితే పిల్లలకు చాలా ప్రమాదకరం కాబట్టి ఆ మూడు వారాలూ దాన్ని పై అరలో పెట్టి, నా చేతులతోనే తూచాను.

వాడకం విషయానికి వస్తే, మేము వారానికి రెండు రోజులు, రోజుకు నలభై నిమిషాల చొప్పున కూర్చుంటాము. ఒక పాఠానికి రెండు వారాలు పడుతుంది. ముందురోజు రాత్రి గంటసేపు చదువుకోకుండా మాత్రం పొద్దున పాఠం చెప్పలేను; పేజీల నిండా చిన్న అక్షరాలు, కావలసిన వస్తువుల్లో కొన్ని పాఠం మధ్యలో కనిపిస్తాయి. నేను బీకాం చదివినదాన్ని. సైన్సు తెలిసినవాళ్లకే ఇది పనికొస్తుందనుకోనక్కరలేదు, కానీ సమయం లేనివాళ్లకు కష్టం. పుస్తకం తెరిచి పిల్లల ముందు పెడితే వాళ్లంతట వాళ్లే చేసుకోవాలనుకునేవారు దీన్ని కొనవద్దు. ప్రతి పాఠం చివర ఇచ్చే పిల్లల పుస్తకాల జాబితా బాగా ఉపయోగపడింది. మా ఊరి లైబ్రరీలో వాటిలో చాలా దొరికాయి. మొదట ఈ-పుస్తకం తీసుకుని, నాలుగైదు పాఠాలు చెప్పి చూసి, ఆ తరువాతే అచ్చు ప్రతి కొనడం మంచిది.

భారతదేశంలో ఉన్నవారు మరో దారి కూడా చూడవచ్చు. ముంబైలోని హోమీ భాభా సైన్సు విద్యా కేంద్రం తయారుచేసిన "స్మాల్ సైన్స్" ప్రాథమిక తరగతుల కోసం ఉద్దేశించినది. ఇంగ్లీషుతో పాటు హిందీ, మరాఠీల్లోనూ ఉంది, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. పిల్లలకు పాఠ్యపుస్తకం, అభ్యాస పుస్తకం, ఉపాధ్యాయులకు వేరే పుస్తకం ఉన్నాయి. అందులోని చెట్లు, పురుగులు, వానలు మన పరిసరాలవే. నేను కీటకాల దగ్గరికి వచ్చినప్పుడు దానిలోని ప్రశ్నలు కొన్ని తీసుకున్నాను.

వేసవి కోసం గంట ముందుకు జరిపిన గడియారాన్ని నవంబరులో ఇక్కడ మళ్లీ గంట వెనక్కి తిప్పాక, మరునాడు ఎప్పటిలా తొమ్మిదింటికి ఫోన్ చేస్తే అమ్మమ్మ భోజనం ముగించి పడుకోబోతోంది. అక్కడ ఏడున్నర కాదు, ఎనిమిదిన్నర. భూమి తిరిగే వేగం మారిందా అని మావాడు అడిగాడు. నేను ఏమీ చెప్పకుండా గ్లోబూ దీపమూ తెచ్చి బల్ల మీద పెట్టాను. వాడు మట్టి బొమ్మలను చాలాసేపు తిప్పి చూసి, అవి మునుపున్న చోటే ఉన్నాయనీ, ముల్లును జరిపింది మనమేననీ చెప్పి, గోడ గడియారం కింద కుర్చీ వేసుకుని ఎక్కాడు.