ఇటుకల్లో చరిత్ర: కొన్నేళ్లు కట్టి, దులిపి, దాచిన తర్వాత

లెగో (ఒకదాని మీద ఒకటి బిగుసుకునే ప్లాస్టిక్ బొమ్మ ఇటుకలు) సెట్టు పెట్టె విప్పిన వారంలోపే రాసే సమీక్షల్లో ముక్కలెన్ని, ధరెంత, పూర్తయ్యాక ఎలా కనిపిస్తుంది అన్న సంగతులే ఎక్కువగా ఉంటాయి. కొనేముందు అవి పనికొస్తాయి గానీ, ఆ నమూనా హైదరాబాదు ఎండలోనూ దుమ్ములోనూ కొన్ని వేసవులు గడిపాక ఇంకా చూడబుద్ధవుతుందా, లేక ఎప్పుడు అటకెక్కిద్దామా అనిపిస్తుందా అన్నది అవి చెప్పలేవు. చారిత్రక కట్టడాల లెగో నమూనాలను నేను చాలాకాలంగా కడుతున్నాను. కొన్నింటిని విప్పి మళ్లీ కట్టాను, కొన్నింటిని బంధువుల పిల్లలకు ఇచ్చేశాను. ఇంట్లో మిగిలినవి ఎందుకు మిగిలాయని ఆలోచిస్తే నాకు ఒకే కారణం కనిపిస్తుంది: వాటిని కట్టే క్రమం అసలు కట్టడం గురించి ఏదో ఒకటి నేర్పింది. అలా నేర్పని సెట్టు ఎంత అందంగా ఉన్నా నెల తిరిగేసరికి కంటికి ఆనడం మానేస్తుంది.

ఈ లెక్కన నా అల్మారాలో మొదటి స్థానం పారిస్‌లోని నోత్రదామ్ చర్చిది. 2024లో వచ్చిన ఈ సెట్టులో 4,383 ముక్కలున్నాయి. నాలుగు గోడలూ ఒకేసారి లేపించి పైన కప్పు పెట్టించే పద్ధతిని పక్కనబెట్టి, 1163లో పునాది పడిన దగ్గర్నుంచి చర్చి ఏ వరసలో పెరిగిందో దాదాపు అదే వరసలో సూచనల పుస్తకం మన చేత కట్టిస్తుంది. ముందు తూర్పున పూజావేదిక ఉండే భాగం, తర్వాత భక్తులు కూర్చునే పొడవాటి మండపం, ఆపైన పడమటి ముఖద్వారం, జంట గోపురాలు వస్తాయి. గోడలను బయటి నుంచి ఆనుకుని నిలిపే వంపు ఊతాల దగ్గరికి వచ్చినప్పుడు, అవి అలంకారం కోసం పెట్టినవి కావని చేతికే తెలిసిపోతుంది. రాతి కప్పు బరువు గోడలను బయటికి తోస్తుంది, ఆ తోపును ఊతాలు అందుకోవడం వల్లనే గోడలను పలచన చేసి అంత పెద్ద కిటికీలు పెట్టగలిగారు. పుస్తకాల్లో ఈ మాట ఎన్నిసార్లు చదివినా నాకు గుర్తుండేది కాదు. వేలెడు కూడా లేని ముక్కలను ఒక్కొక్కటిగా గోడకు ఆనించుకుంటూ పోయాక మరచిపోవడం కుదరలేదు. పంతొమ్మిదో శతాబ్దంలో వియొలే-ల-దుక్ అనే వాస్తుశిల్పి కట్టించిన శిఖరం ఆఖరి దశలో వస్తుంది. 2019 ఏప్రిల్ 15న మంటల్లో కూలిపోయినది ఆ శిఖరమే. మధ్యయుగాల నాటి తొలి శిఖరాన్ని పద్దెనిమిదో శతాబ్దం చివర్లోనే తీసేశారని తెలిస్తే, మనం 'పాత చర్చి' అనుకునే రూపం నిజానికి ఎన్ని కాలాల అతుకో అర్థమవుతుంది.

అక్కడి నుంచి నాకొక అలవాటు పట్టుకుంది: ఏ నమూనాను చూసినా ఇది ఏ సంవత్సరపు కట్టడం అని అడగడం. 2022లో వచ్చిన గిజా మహా పిరమిడ్ సెట్టు (1,476 ముక్కలు) ఈ ప్రశ్నకు నేరుగా జవాబు చెబుతుంది. ఈనాటి యాత్రికులు చూసే మెట్లమెట్ల రాళ్లు బయటికి కనిపించవు. ఆ పిరమిడ్ కట్టించిన ఖుఫు రాజు కాలంలో దానికి తొడిగిన తెల్లటి సున్నపురాయి తొడుగే కనిపిస్తుంది. ఆ తొడుగును ఎత్తి పక్కన పెడితే లోపలి గదులు, దారులు, కట్టుబడి సాగుతున్న దశ బయటపడతాయి. ఇది సగం పిరమిడ్ మాత్రమే. రెండు సెట్లు కొని కలిపితే పూర్తి పిరమిడ్ అవుతుంది. నా మాట వింటే రెండోది కొనకండి, ఎందుకంటే కోసిన ముఖం గోడవైపు తిప్పితే అల్మారాలో చోటు కలిసొస్తుంది, పూర్తి పిరమిడ్ కొత్తగా చెప్పేదీ ఏమీ లేదు.

రోములోని కొలోసియం కథ వేరు. 2020లో వచ్చిన ఈ సెట్టులో 9,036 ముక్కలు, అండాకారపు అడుగుభాగం, 59 సెంటీమీటర్ల పొడవు, 52 సెంటీమీటర్ల వెడల్పు. వెస్పేషియన్ చక్రవర్తి మొదలుపెట్టించగా టైటస్ కాలంలో క్రీ.శ. 80లో తెరిచిన ఆ రంగస్థలం చుట్టూ నేల అంతస్తులో 80 కమానులుండేవి. 1349 నాటి భూకంపంలో దక్షిణపు బయటి గోడ కూలింది కాబట్టి, ఈనాటి స్థితిని చూపే నమూనా కూడా ఒకవైపు ఎత్తుగా, మరోవైపు తక్కువగా ఉంటుంది. మూడు అంతస్తుల స్తంభాల్లో డోరిక్, అయోనిక్, కొరింథియన్ శైలులను విడివిడిగా చూపించిన తీరు మెచ్చుకోదగినదే. అయితే ఒకే కమానును అన్నిసార్లు కట్టడం అందరి వల్లా అయ్యే పని కాదు. అది సెట్టు తయారుచేసినవాళ్ల లోపమని నేననను, అసలు కట్టడమే అలాంటిది. ఇద్దరు కూర్చుని కబుర్లు చెప్పుకుంటూ కడితే సాగుతుంది, ఒంటరిగా అయితే మధ్యలో విసుగు పుట్టి పెట్టె మంచం కిందికి చేరుతుంది.

రోడ్లు భవనాల శాఖలో ఇంజనీరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మా మామయ్య దీన్ని చాలాసేపు చూసి, "అంతా బాగానే ఉంది గానీ, కీస్టోన్ ఏదిరా?" అని అడిగారు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. నిజమైన కమానులో రాళ్లు ఒకదాన్నొకటి నొక్కుకుంటూ, నడినెత్తిన ఉన్న రాయితో (అదే కీస్టోన్) బిగుసుకుని నిలబడతాయి. బొమ్మ ఇటుకల్లో కమాను అచ్చులో పోసిన ఒకే ముక్క, దానికి బరువు పంచుకోవలసిన అవసరమే లేదు. కింది ముక్క నెత్తిన ఉండే గుండ్రటి బొడిపెను పై ముక్క అడుగుభాగం గట్టిగా పట్టుకోవడమే ఇక్కడి బలమంతా. కాబట్టి కట్టడం ఎందుకు నిలబడిందన్నది ఈ నమూనాలు కొంతవరకే నేర్పుతాయని, ఏ భాగం తర్వాత ఏది వచ్చింది, ఏది దేన్ని ఆనుకుని ఉంది అన్నవి మాత్రం బాగా నేర్పుతాయని అప్పటి నుంచి అడిగినవాళ్లందరికీ చెబుతున్నాను.

తాజ్‌మహల్ విషయంలో మనవాళ్లకు మమకారం ఎక్కువ కాబట్టి కాస్త నిర్మొహమాటంగా చెబుతాను. 2008లో వచ్చి, 2017లో దాదాపు అదే రూపంలో మళ్లీ విడుదలైన పెద్ద సెట్టులో 5,900 పైచిలుకు ముక్కలున్నాయి, అది దాదాపు అర మీటరు పీటంత జాగా అడుగుతుంది. 2021లో వచ్చిన చిన్న సెట్టులో 2,022 ముక్కలు. చిన్నదే మేలు. దానిలో కింద ముంతాజ్, షాజహాన్‌ల సమాధులున్న నేలమాళిగ కూడా ఉంటుంది, దాన్ని ముందు కట్టి ఆ తర్వాతే పైది లేపుతాం. అంతా ఎడమకూ కుడికీ సరితూగే ఆ కట్టడంలో ఆ పొందిక చెడేది షాజహాన్ సమాధి ఒక్కచోటే అన్న సంగతి నాకు అక్కడే మనసుకెక్కింది. అసలు తాజ్‌లో మినార్లు కొద్దిగా బయటికి వాలి ఉంటాయి. నమూనాలో నిటారుగా ఉంటాయి. ఈ కొలతలో అంత చిన్న వాలును బొడిపెల ఇటుకలతో చూపించడం సాధ్యం కాదు. జపాన్‌లోని హిమేజి కోట (2,125 ముక్కలు) పైకప్పుల పనితనం కోసం కొనదగినదే గానీ, కట్టడం అయిపోయాక దాని గురించి నాకు చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. టైటానిక్ కొనాలనుకునేవాళ్లు ముందు టేపు తీసుకుని గోడ కొలుచుకోండి, పూర్తయిన ఓడ 135 సెంటీమీటర్లుంటుంది.

ఇక అల్మారాలో పెట్టాక ఏమవుతుందన్నది. ఈ ఇటుకలను 1963 నుంచి ఏబీఎస్ అనే ప్లాస్టిక్‌తో చేస్తున్నారు. పట్టు ఏళ్ల తరబడి సడలదు; 1958లో పేటెంటుకు దరఖాస్తు చేసిన నాటి ఇటుకకు ఈనాటి ఇటుక ఇప్పటికీ అతుకుతుంది. ఎండ మాత్రం దీనికి శత్రువు. పడమటి బాల్కనీ పక్కన పెట్టిన తెల్ల ముక్కలు, లేత బూడిద రంగు ముక్కలు పాత స్విచ్‌బోర్డు రంగుకు తిరుగుతాయి. హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో నానబెట్టి ఎండలో ఉంచితే తెలుపు తిరిగొస్తుంది గానీ కొంతకాలానికి మళ్లీ పసుపెక్కుతుంది, కాబట్టి ఆ శ్రమకన్నా కర్టెన్ వేసుకోవడం నయం. నా దగ్గరున్న ఒక పాత సెట్టులో ముదురు గోధుమరంగు ముక్కలు విప్పబోతే పెళుసుగా విరిగాయి. సెకండ్‌హ్యాండ్‌లో కొనేవాళ్లు ముందు ఆ రంగు ముక్కలనే పట్టి చూడాలి. స్టిక్కర్ల అంచులు కూడా వేసవిలో లేస్తాయి. ముక్క మీదే ముద్రించిన బొమ్మలకు ఈ బాధ లేదు. రెండో ప్రపంచ యుద్ధపు ట్యాంకులు, ఓడలు చేసే పోలండ్ కంపెనీ కోబి స్టిక్కర్లకు బదులు ముద్రణనే నమ్ముకుంది. యుద్ధ వాహనాల మీద నాకు ఆసక్తి లేదు గానీ, ఈ ఒక్క విషయంలో వాళ్లను చూసి అసూయ కలుగుతుంది.

మన ఊరి దుమ్ము గురించి వేరే చెప్పాలా! చుట్టూ ఎక్కడో ఒకచోట అపార్టుమెంటు లేస్తూనే ఉంటుంది, సన్నటి రాతిపొడి కిటికీ మూసినా వస్తుంది, బొడిపెల మధ్య కూర్చుంటుంది, ఫ్యాను గాలికి అక్కడే స్థిరపడుతుంది. ఇసుకరంగు కొలోసియం మీద అది నెలల తరబడి కనబడదు, తెల్ల తాజ్ మీద మూడో రోజే కనబడుతుంది. మెత్తటి పెయింటింగ్ బ్రష్షుతో పైనుంచి కిందికి దులపడం, అద్దాల తలుపులున్న బీరువా తీసుకోవడం తప్ప వేరే మార్గం లేదు. విప్పి కడగాలంటే నీళ్లు 40 డిగ్రీలు దాటకూడదు. మే నెల మధ్యాహ్నం పైట్యాంకు నుంచి వచ్చే కుళాయి నీళ్లు చెయ్యి పెట్టనివ్వవు కాబట్టి, ఆ పని తెల్లవారుజామున పెట్టుకోవాలి లేదా బిందెలో నీళ్లు పట్టి చల్లారనివ్వాలి. కమానుల్లో కాపురం పెట్టే బల్లుల గురించి ఏ సూచనల పుస్తకంలోనూ ఉండదు. అద్దాల బీరువా దానికీ మందే.

ధర విషయం దాచడానికి లేదు. బొమ్మల దిగుమతి మీద కస్టమ్స్ సుంకాన్ని 2020లో 20 శాతం నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు. అందుకే విదేశాల్లో ఉన్న బంధువు చెప్పే ధరకూ ఇక్కడి దుకాణంలో ఉండే ధరకూ పొంతన కుదరదు. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ధ్రువీకరణ తప్పనిసరి అయింది. ఆ గుర్తు లేని నకళ్లు బజార్లో సగానికన్నా తక్కువకే దొరుకుతాయి. ఒకటి కట్టి చూశాను: కింది వరసలు బాగానే వచ్చాయి, ఎత్తు పెరిగేకొద్దీ ఒక్కో ముక్కలోని వెంట్రుకవాసి తేడాలన్నీ కలిసి, పై వరస కిందిదానితో కలవనని మొండికేసింది. పెద్ద కట్టడానికి ముక్కల కొలత ఖచ్చితంగా ఉండటం ఎందుకంత ముఖ్యమో తెలుసుకోవడానికి అంతకన్నా మంచి పాఠం దొరకదు.

చార్మినార్‌కు నేను ఎదురుచూసే సెట్టు రాలేదు కాబట్టి సొంతంగా గీసుకుంటున్నాను. లెగో ముక్కలు అమ్మే వెబ్‌సైట్ బ్రిక్‌లింక్ వారి స్టూడియో అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, ముక్కలను తెర మీదే పేర్చుకుని జాబితా తీసుకోవచ్చు. చార్మినార్ ఒక్కో భుజం సుమారు 20 మీటర్లు, కమాను వెడల్పు 11 మీటర్లు. నూరో వంతుకు తగ్గిస్తే భుజం 20 సెంటీమీటర్లు, బొడిపెకూ బొడిపెకూ మధ్య దూరం 8 మిల్లీమీటర్లు కాబట్టి సరిగ్గా 25 బొడిపెలు. కమాను మాత్రం పద్నాలుగు బొడిపెల దగ్గర తేలుతుంది. ఇక్కడే చిక్కు: బేసి భుజం నడిమధ్యన సరి కమాను కూర్చోదు, సగం బొడిపె పక్కకు జరుగుతుంది. నడిమధ్యలో ఒకే బొడిపె ఉన్న పలకలతో (ఇటుక కన్నా పలచటి ముక్కలు) ఆ సగాన్ని సర్దవచ్చు గానీ నాలుగు ముఖాలా అదే పని చేస్తే మూలల దగ్గర తేడా వస్తుంది. చివరికి భుజాన్ని 26కు పెంచాను. కమాను మొన తేలి ఉండాలి, సెట్లలో ఎక్కువగా దొరికేవి అర్ధచంద్రాకారపు కమానులు. అందుకని ముక్కలను పక్కకు తిప్పి పేర్చాను. అయిదు పలకల మందం సరిగ్గా రెండు బొడిపెల దూరానికి సమానం కావడం వల్ల, తిప్పి పేర్చినా లెక్క తప్పదు.

ఇక్కడ కూడా సంవత్సరం తేల్చుకోవలసి వచ్చింది. మహమ్మద్ కులీ కుతుబ్ షా 1591లో కట్టించినప్పుడు గడియారాలు లేవు, నాలుగు ముఖాలకూ వాటిని పెట్టింది 1889లో. మా ఇంట్లో అందరూ గడియారాలుండాలనే అన్నారు, అవి లేకపోతే ఊరివాళ్లు గుర్తుపట్టరట. నేను వాటిని ఊడదీయడానికి వీలుగా నున్నటి పలకల మీద పెట్టాను. పై అంతస్తుకు తీసుకెళ్లే 149 మెట్లు మాత్రం ఈ కొలతలో పట్టలేదు. మినారు లోపలి గుండ్రటి ఖాళీ రెండు బొడిపెలకు మించి రావడం లేదు, అంతలో మలుపు మెట్టు తిరగదు. 56 మీటర్ల మినారుకు 58 ఇటుకల ఎత్తు వస్తోంది, సన్నటి స్తంభం అంత ఎత్తున ఊగకుండా ఉండటానికి మధ్యలోంచి ఒక పొడవాటి కడ్డీ దూర్చవలసి వచ్చింది, మెట్లకు మిగిలిన కాస్త చోటూ దానికే పోయింది.