ఎస్‌ఎస్‌డీ ఫర్మ్‌వేర్ అప్‌డేట్: విండోస్ టూలా, పెన్‌డ్రైవ్ బూటా, లినక్స్ కమాండా?

కంప్యూటర్‌లో డేటా దాచే ఎస్‌ఎస్‌డీ డ్రైవ్ బానే నడుస్తోంది కదా, దాన్ని లోపలి నుంచి నడిపే సాఫ్ట్‌వేర్‌ను, అంటే ఫర్మ్‌వేర్‌ను కెలకడమెందుకు? ఆ జంకులో తప్పేం లేదు. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే డ్రైవ్ మళ్లీ లేవకపోవచ్చు. చాలా డ్రైవ్‌లలో పాత వెర్షన్‌కు వెనక్కి వెళ్లే దారి కూడా ఉండదు.

కానీ కెలకకపోతే పోయే డ్రైవ్‌లూ ఉన్నాయి. క్రూషియల్ కంపెనీ ఎం4 డ్రైవ్ 5,184 గంటలు నడిచాక హఠాత్తుగా స్పందించడం మానేసేది. రీస్టార్ట్ చేస్తే ఒక గంట పనిచేసి మళ్లీ అదే తంతు. 2012 జనవరిలో వచ్చిన 0309 ఫర్మ్‌వేర్‌తో అది సర్దుకుంది. 2019లో హెచ్‌పీఈ సర్వర్ ఎస్‌ఎస్‌డీల సంగతి ఇంకా ఘోరం: సరిగ్గా 32,768 గంటలకు డ్రైవ్ చచ్చిపోయేది, డేటా తిరిగొచ్చేది కాదు. శాంసంగ్ 980 ప్రో 2 టీబీ డ్రైవ్‌లు కొన్ని పాత ఫర్మ్‌వేర్ వల్ల రీడ్ ఓన్లీ స్థితిలోకి (చదవడమే తప్ప కొత్తగా ఏమీ రాయలేని స్థితి) వెళ్లిపోయాయి. కొత్త ఫర్మ్‌వేర్ వచ్చింది కానీ, అప్పటికే బిగుసుకుపోయినవాటిని అది కాపాడలేకపోయింది.

అందుకే నేను ముందు రిలీజ్ నోట్స్ (కొత్త వెర్షన్‌లో ఏం మార్చారో కంపెనీ రాసేది) చూస్తాను. డేటా పోవడం, డ్రైవ్ కనిపించకపోవడం లాంటి మాటలుంటే ఆ వారమే చేసేస్తాను. ‘పనితీరు మెరుగుపరిచాం’ అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటే నెలో రెండు నెలలో ఆగుతాను.

దారి ఎంచుకునే ముందు చూడాల్సింది డ్రైవ్ ఎవరిదన్నది. ల్యాప్‌టాప్‌తోనే వచ్చిన డ్రైవ్ అయితే పైన శాంసంగ్ అని రాసున్నా దాని ఫర్మ్‌వేర్ వేరు. 980 ప్రోకు ల్యాప్‌టాప్ కంపెనీలకిచ్చే తమ్ముడు పీఎం9ఏ1 ఉంది. శాంసంగ్ సొంత టూల్ మెజీషియన్ దాని ఫర్మ్‌వేర్‌ను అప్‌డేట్ చేయదు. అలాంటి డ్రైవ్‌కు డెల్, లెనోవో, హెచ్‌పీ సపోర్ట్ పేజీల్లో మీ మోడల్ కింద దొరికేదే సరైన ఫైలు. మిగతా పోలికంతా విడిగా కొని బిగించుకున్న డ్రైవ్‌ల గురించే.

విండోస్‌లో నడిచే కంపెనీ టూల్ (మెజీషియన్, క్రూషియల్ స్టోరేజ్ ఎగ్జిక్యూటివ్, వెస్టర్న్ డిజిటల్/శాన్‌డిస్క్ డ్యాష్‌బోర్డ్)తో పెద్ద సుఖమేమిటంటే, మోడల్‌ను అదే గుర్తుపట్టి సరిపోయే ఫైలునే తెస్తుంది. తప్పు ఫైలు ఎక్కించే ప్రమాదం దాదాపు ఉండదు. దీని లోపం, విండోస్ కూడా అదే డ్రైవ్ మీద నడుస్తుండటం. కాబట్టి బ్రౌజర్‌తో సహా అన్నీ మూసేయాలి, పెండింగ్‌లో ఉన్న విండోస్ అప్‌డేట్లు ముందే పూర్తవ్వాలి. ఇంకో చిక్కు: ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో వీఎండీ మోడ్ (డ్రైవ్‌ను ఇంటెల్ కంట్రోలర్ వెనక ఉంచే అమరిక) ఆన్‌లో ఉంటే టూల్‌కు డ్రైవ్ కనిపించకపోవచ్చు. వెంటనే బయోస్‌లోకి (విండోస్ మొదలవ్వకముందు వచ్చే సెట్టింగుల తెర) వెళ్లి దాన్ని ఆపేయకండి. మారిన మోడ్‌కు తగిన డ్రైవర్ సిద్ధంగా లేక విండోస్ నీలం తెరతో ఆగిపోతుంది. అలాంటప్పుడు పెన్‌డ్రైవ్ దారి చూడటం నయం.

పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేస్తే విండోస్ అసలు మొదలే కాదు, డ్రైవ్ మీద వేరే పనేదీ జరగదు. సిద్ధాంతంలో ఇదే అన్నిటికంటే శుభ్రమైన పద్ధతి. ఆచరణలో మాత్రం కొన్ని ఐఎస్‌ఓలు (పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించడానికి కంపెనీ ఇచ్చే బూట్ ఫైళ్లు) బూట్ కావాలంటే సెక్యూర్ బూట్ (గుర్తింపు లేనివాటిని బూట్ కానివ్వని బయోస్ కాపలా) ఆపాలి. అది ఆపితే, బిట్‌లాకర్ (డ్రైవ్‌కు విండోస్ వేసే తాళం) ఉన్న ల్యాప్‌టాప్ తిరిగి లేవగానే 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. నేనోసారి ఆ కీ ఫైలును అదే ల్యాప్‌టాప్‌లో దాచుకుని, తాళంచెవి బీరువాలో పెట్టి బీరువాకు తాళం వేసినవాడిలా కూర్చున్నాను. ముందే బిట్‌లాకర్‌ను సస్పెండ్ చేసి, కీని కాగితం మీదో ఫోన్‌లోనో ఉంచుకోండి. పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా చెరిగిపోతుందని కూడా గుర్తుంచుకోండి.

లినక్స్ వాడేవాళ్లకు ఎఫ్‌డబ్ల్యూయూపీడీ (ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేసే టూల్) హాయి, అయితే కంపెనీ తన ఫర్మ్‌వేర్‌ను ఎల్‌వీఎఫ్‌ఎస్‌లో (ఆ టూల్ ఫైళ్లు తెచ్చుకునే ఆన్‌లైన్ చోటు) పెట్టి ఉండాలి. పెట్టకపోతే ఎన్‌వీఎంఈ రకం ఎస్‌ఎస్‌డీలకు ఎన్‌వీఎంఈ సీఎల్‌ఐ అనే కమాండ్ టూల్‌తో ఫైలును మనమే ఎక్కించవచ్చు. ఎన్‌వీఎంఈ ప్రమాణం ప్రకారం డ్రైవ్‌లో ఫర్మ్‌వేర్‌కు 7 దాకా స్లాట్లు (వెర్షన్లు దాచే అరలు) ఉండొచ్చు, కొన్నింటికి ఒక్కటే. ఏ స్లాట్‌లో ఏముందో చదివి అర్థం చేసుకోగలిగినవాళ్లకే ఇది. మిగతావాళ్లు దీని జోలికి పోకపోవడమే మేలు.

నా ఓటు: మామూలు వాడకందారుకు విండోస్ టూల్. అది డ్రైవ్‌ను చూడలేకపోతేనో, ల్యాప్‌టాప్‌లో విండోసే లేకపోతేనో పెన్‌డ్రైవ్. డ్రైవ్‌ను ఊడదీసి యూఎస్‌బీ ఎన్‌క్లోజర్‌లో (డ్రైవ్‌ను బయటినుంచి తగిలించే డబ్బా) పెట్టి అప్‌డేట్ చేద్దామనుకునేవాళ్లూ ఉంటారు. ఆ పని వద్దు. చాలా ఎన్‌క్లోజర్ల చిప్‌లు ఫర్మ్‌వేర్ కమాండ్లను అవతలికి దాటనివ్వవు.

ఏ దారైనా బ్యాకప్ వేరే పరికరంలో ఉండాలి. ఛార్జర్ పెట్టి ఉండాలి, బ్యాటరీ కూడా నిండుగా ఉండాలి. ఛార్జర్ తీయగానే ఆరిపోయే ముసలి బ్యాటరీ అయితే యూపీఎస్ ఉన్నచోట కూర్చోండి. తెర కదలకుండా ఆగినట్టు కనిపించినా పవర్ బటన్ నొక్కకండి. పని అయ్యాక రీస్టార్ట్ చేసినా పాత వెర్షన్ నంబరే కనిపిస్తే కంగారుపడి మళ్లీ ఎక్కించొద్దు. షిఫ్ట్ పట్టుకుని షట్‌డౌన్ చేసి, అరనిమిషం ఆగి ఆన్ చేయండి. కొన్ని డ్రైవ్‌లు పూర్తిగా కరెంటు ఆగి వస్తేనే కొత్త ఫర్మ్‌వేర్‌కు మారతాయి.